దుమ్ము తుడవని ఫొటో

మార్కాపురంలో మా మామ స్టూడియో మూసేసేనాటికి
మూడు బిస్కెట్ డబ్బాల నెగటివ్‌లు మిగిలాయి.
ఒక డబ్బాని చెదలు చదివేశాయి.
ఒకటి వానకి ముద్దయి, రేకుకి రేకు అంటుకుని
పెళ్లికూతురి భుజం మీదుగా ఎవరిదో పాడె పోతోంది.
నా చేతికొచ్చింది మూడోది.

ఆదివారాలు గ్రంథాలయం వెనక గదిలో
స్కానర్ ముందేసుకుని కూర్చుంటాను, కరెంటున్నంతసేపు.
పాత ఫొటోలు, చిరిగిన రేషను కార్డులు,
పలకల ఫ్యాక్టరీ కూలి పుస్తకాలు
ఎవరేం తెచ్చినా గాజు మీద బోర్లించి
ఒకసారి వెలుతురు పోనిచ్చి
ఎవరిది వాళ్లకిచ్చి పంపుతాను.
మొదట్లో ఇద్దరొచ్చి, "ఇస్తే లోనేమన్నా వస్తదా?" అనడిగి
రాదన్నాక టీ తాగి వెళ్లారు.
తర్వాత ఖాసింపీరా కూలి పుస్తకం తెచ్చాడు,
గుమాస్తాగా చేసిన వాళ్ల నాయనది,
లుంగీగుడ్డలో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు.

అందులో మగవాళ్లకి పేర్లున్నాయి.
ఆడవాళ్లకి అంకెలు.
ఆ. 1, ఆ. 2, అలా ఆ. 11 దాకా.
అంకెకెదురుగా రూపాయింబావలా, పక్కన వేలిముద్ర.
ఎక్కడెక్కడి పిల్లలో ఓనమాలు దిద్దుకునే రాయిని
చెక్కి, రుద్ది, చట్రం బిగించి పంపినవాళ్ల సంతకం అది.

మూడో డబ్బాలో వాళ్లే దొరికారు.
నెగటివ్‌ని కిటికీకి అడ్డంపెట్టి చూస్తే
క్వారీ గట్టున పంతొమ్మిది మంది, బొగ్గు బొమ్మల్లా.
వాళ్ల చేతుల్లో పలకలు మాత్రం
తెల్లకాగితాల్లా వెలుగుతున్నాయి.

కంప్యూటర్లో ఒక మీట ఉంటుంది, దుమ్ము తీసేది.
నొక్కాను.
గీతలు పోయాయి, బూజు పోయింది,
నలభై ఏళ్ల మచ్చలన్నీ ఒక్క ఊపులో రాలిపోయి
మొహాలు కడిగినట్టొచ్చాయి.
నాకు నేనే మురిసిపోయి
నాసరమ్మని పిలిచి చూపించాను.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.
"ఎవురు నాయనా వీళ్లు? ఏ పెళ్లికి పోతన్నారు?"
"మీరేనమ్మా, క్వారీ కాడ."
"మేమైతే దుమ్మేది?

కళ్లూ పళ్లూ తప్ప ఏం అవపడేది మాకు?
ఆ దుమ్ముని బట్టే గదా ఎవురేందో చెప్పేది.
కోత కాడోళ్లకి కనుబొమల మీద,
రాపిడి కాడోళ్లకి మోచేతుల దాకా,
మోసేటోళ్లకి నడినెత్తిన.
నువ్వు అందర్నీ ఒక్కలాగ కడిగిపెట్టావు."

వెనక్కి తెచ్చాను.
బూజూ గీతలూ తిరిగొచ్చాయి, వాటితోపాటు దుమ్ము,
దుమ్ముతోపాటు పేర్లు.
"మోచేతులు చూడు, అది చెంచమ్మ.
నెత్తిన తట్ట గుర్తు, వాళ్లక్క మార్తమ్మ.
ఈ బక్కది నేను."
కూలి పుస్తకం తీసి, ఆ. 4 పక్కన చెంచమ్మ అని రాశాను.
ఆ. 6 మార్తమ్మ. ఆ. 7 నాసరమ్మ.
ఆ. 9 దగ్గర ఆమె చాలాసేపు ఆగింది.
"మొగం తెలస్తంది. పేరు రావట్లా.
నవ్వితే భుజం ఎగరేసేది" అంది.
ఇప్పటికి అదే రాసి ఉంచాను.

చివర్న నిలబడ్డ మనిషిని చూపించి, "ఈయన?" అన్నాను.
కనుబొమల మీద దుమ్ము. కోతపని.
"మా ఇంటాయన" అంది.
ఇంకేం చెబుతుందోనని కూర్చున్నాను. చెప్పలేదు.
పోతూ పోతూ గుమ్మంలో తిరిగి
"పెద్ద ఫిలిం ఒకటుంది ఇంట్లో, అది గూడా ఎక్కిస్తావా?" అంది.

పై ఆదివారం తెచ్చింది.
బియ్యం డబ్బా వెనక ఏళ్లతరబడి నిలబడి
అంచులు వంగిన ఎక్సరే.
ఒంగోలు ఆస్పత్రిది. టీబీ అని రాసిచ్చారట.
గాజు మీద పరిచి మూత వేశాను.
వెలుతురు ఆ చివర్నించి ఈ చివరికి పాకింది.
నల్లటి తెర మీద ఆయన పక్కటెముకలు,
వాటి సందుల్లో సన్నగా, తెల్లగా
పలక చెక్కినప్పుడు రాలే పొడి.

నాసరమ్మ నా భుజం మీంచి చూస్తోంది.
నా వేలు ఆ మీట దగ్గరికి వెళ్లి
అక్కడే ఆగింది.